ఎర్రబడని యాపిల్

సోమవారం పొద్దున్నే బొబ్బిలి బస్సు దిగి ఇంటికొచ్చిన పద్మకుమారి చేతిసంచి కింద పెట్టకుండానే పెరట్లోకి వెళ్ళి నాలుగు యాపిల్ చెట్లనూ చూసింది. మూడింటి మీద ఒక్క కాయ లేదు. నాలుగో చెట్టు కాయలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి, అటు పచ్చా కాకుండా ఇటు పసుపూ కాకుండా. చెల్లెలి పురిటికని వెళ్ళి ఐదు రోజులుండి వచ్చేసరికి ఇంత జరిగింది. కోతులు కొండ దిగాయేమో అనుకుంది ముందు. కోతులైతే కొమ్మలు విరిచి, సగం కొరికి పారేసి పోతాయి. ఇక్కడ ఆకు కూడా చిరగలేదు. ముచ్చిక దగ్గర మెలితిప్పి, పద్ధతిగా కోసిన చెయ్యి ఎవరిదో ఆమెకు వెంటనే తెలిసిపోయింది.

"మావయ్యా, కాయలేవీ?"

"గడ్డిలో మాగేసీసినాను" అన్నాడు గణపతిరావు, ఏదో మేలు చేసినవాడిలా. "ఎర్రబడిపోనాయి. నువ్వొచ్చీదాకా ఆగుతాయేటి? కోసీసినాను."

గణపతిరావుకు డెబ్బై నాలుగేళ్ళు. శృంగవరపుకోట చుట్టుపక్కల ఏ మామిడితోట బేరానికొచ్చినా ముందు ఆయనకే కబురొస్తుంది. కాయ ముచ్చికను ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, సువర్ణరేఖో కలెక్టరో చెరుకురసమో ఇట్టే చెప్పేస్తాడు. ఏ గట్టు మీది చెట్టుదో కూడా చెప్పేస్తాడని ఊళ్ళో అంటారు. అందులో సగమైనా నిజమే. అలాంటి మనిషి ఉన్న ఇంట్లో యాపిల్ చెట్లు మొదటిసారి కాపుకొస్తే వాటి సంగతి ఆయన కాక ఇంకెవరు తేల్చాలి? ఆయనకైతే ఆ విషయంలో రవ్వంత అనుమానం లేదు.

గది మూలన పరిచిన వరిగడ్డిలో ఒక పక్క మామిడికాయలు, ఒక పక్క యాపిల్స్. ముసలాయన గొంతుక్కూర్చుని గడ్డి పక్కకు లాగి ఒక ఎర్రటి కాయ పైకి తీశాడు. బొటనవేలితో నొక్కితే తొక్క ముడతపడింది. ముచ్చిక వాసన చూసి పెదవి విరిచాడు. రెండు చేతులతో పట్టుకుని నొక్కితే కాయ రెండు చెక్కలైంది. ఒక చెక్కను పెదవులతోనే అందుకుని, చప్పరించి, మింగాడు.

"సొన లేదు, వాసన లేదు. పిండి. దీనికంటే ఉడకబెట్టిన కర్రపెండలం నయం."

"సెట్టు మీదున్నప్పుడు ఇలగ లేవు మావయ్యా. ఎల్లీముందు ఒకటి కొరికి సూసినాను. కరకరలాడినాది. నోట్లో నీరొచ్చినాది."

"కరకరలాడే కాయని పచ్చికాయంటారమ్మా. మెత్తబడితేనే పండు."

"అది మామిడికాయకి."

"ఏ కాయకైనా అంతే."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటే ఇక మాట్లాడేదేముంది? పద్మకుమారి సాయం కోసం మొగుడి వైపు చూసింది. గిరిబాబు మంచివాడే గాని, తండ్రికీ పెళ్ళానికీ మాట పెరిగితే చాలు, పొలంలో మోటారు చూడాల్సిన పని గుర్తొస్తుంది. ఇప్పుడూ గుర్తొచ్చింది. "మోటారు ఆగినట్టున్నాది" అంటూ చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

"లచ్చివారం పోతురాజొస్తాడు" అన్నాడు గణపతిరావు, చేతులు దులుపుకుంటూ. "నాలుగు సెట్లూ కొట్టీమన్నాను. వంగ నారు ముదిరిపోతన్నాది. ఆ నీళ్ళు దానికి పెడితే పది రోజులు కూరైనా తింటాం."

"ఆ నాలుగో సెట్టేటి సేసినాది? దాని కాయ ఒక్కటీ కొయ్యనేలేదు కదా."

"ఎర్రబడనే లేదు, కోసేదేటి? అది ఇంక ఈ ఏటికి ఎర్రబడదు. పచ్చికాయ మరి, పుల్లగా ఉంటాది. పప్పులో ఏసీయ్."

పద్మకుమారికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. మూడు వేసవులు మోటారు లేనప్పుడల్లా బిందెలతో నీళ్ళు మోసింది తను. మే నెల ఎండకు మొదళ్ళ చుట్టూ ఆకులూ అలములూ కప్పింది తను. కాయ కోసే రోజున మాత్రం తను లేదు, ఉండాలని ఎవరికీ తోచలేదు. మెత్తబడిన కాయలు రెండు తీసి చీర కొంగున కట్టుకుంది. ఏమైంది వీటికి? గడ్డిలో పెడితే మామిడి బంగారమవుతుంది కదా, ఇది పిండెందుకైంది? కోపంలో కూడా ఆ ప్రశ్న ఆమెను వదల్లేదు.

*

పద్మకుమారి వంటింట్లో అలమారా తలుపు తీస్తే లోపలివైపు యాపిల్ స్టిక్కర్లు కనిపిస్తాయి. తిన్న ప్రతి రకానిదీ ఒకటి పీకి అక్కడ అంటించింది. కింద పెన్సిలుతో రెండేసి ముక్కలు: 'తీపి, తొక్క మందం', 'పులుపు, గట్టి', 'నీరు ఎక్కువ, వాసన మంచిది'. ఆ అలమారా తలుపు చూసి చుట్టాలు నవ్వుతారు. నవ్వనీ.

మంగళవారం శృంగవరపుకోటలో దుర్గమ్మ పళ్ళ దుకాణం ముందు నిలబడి కొంగు ముడి విప్పింది. దుర్గమ్మ యాభై ఏళ్ళ మనిషి, కోట బస్టాండు పక్కన ఇరవై ఏళ్ళుగా పళ్ళమ్ముతోంది. కాయను చేతిలోకి తీసుకుని, వేలితో నొక్కి, వాసన చూసి, ముచ్చిక గుంటలో ఇరుక్కున్న గడ్డిపరక పీకి పైకెత్తింది.

"ఓలమ్మో! గడ్డిలో ఏసినారేటే? యాపిల్నా?" అని పక్క బండివాళ్ళు తిరిగి చూసేలా నవ్వింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది.

"మా మావయ్య ఏసినాడు."

"మామిడితోటలు సూసీ గణపతిరావుగారా! అయ్యో అయ్యో. మామిడికాయ కోసినాక పండుతాదమ్మా. యాపిల్ కోసినాక ముసిల్దైపోతాది, అంతే. ఎంత సల్లగ దాస్తే అంత మెల్లిగా ముసిల్దవుతాది. ఈ ఎండల్లో గడ్డి కప్పితే ఇంకేటి మిగుల్తాది?"

ఇంకెవరైనా అయితే అక్కడితో సరిపెట్టుకుని బస్సెక్కేవాళ్ళు. పద్మకుమారి గంటసేపు కదల్లేదు. ఒక్కో కాయా చూపించి అడిగింది. ఈ కాశ్మీరు కాయ జూన్ నెలలో ఎక్కడిది? పోయిన దసరాకి కోసిందట, అప్పటినుంచి కోల్డ్ స్టోరేజీలో నిద్రపోయి ఇప్పుడు లేచిందట. అందుకే తినబోతే సగం కాయలు పిండిగా ఉంటాయి. సిమ్లా పైనున్న కిన్నౌరు కాయ దానికంటే గట్టిది, రవాణాకు ఓర్చుకుంటుంది. చారల గాలా న్యూజిలాండు నుంచి ఓడలో వచ్చింది, తొక్క పల్చన, పిల్లలకు మంచిది. ఫ్యూజీ జపాను వాళ్ళు పుట్టించిన రకం, చూడ్డానికి మాసినట్టుంటుంది గాని తీపిలో దాన్ని మించింది లేదు.

"ఈ ఆకుపచ్చది సుగరున్నోళ్ళు అడుగుతారు" అంది దుర్గమ్మ. "పుల్లగ సచ్చిపోతాది. సుగరుకి మంచిదని ఎవడు సెప్పాడో మరి."

"దాని పుట్టుక తెల్సా దుర్గమ్మా? ఆస్ట్రేలియాలో ఒక ముసలావిడ తిని పారేసిన యాపిల్ తుక్కులోంచి మొలిసిందట. ఎవరూ పాతలేదు. ఆవిడ దాన్ని పీకకుండా ఒగ్గీసినాదట. అదిప్పుడు లోకమంతా పాకీసినాది. వండుకోడానికి అదే మంచిదంటారు, ఉడికినా ఆ పులుపు పోదట."

"పీకీమని సెప్పడానికి ఆవిడకి మావగారు లేడేమో" అంది దుర్గమ్మ. పద్మకుమారికి నవ్వొచ్చింది, సోమవారం నుంచి అదే మొదటి నవ్వు.

రెండు గాలా కాయలు కొనుక్కుని ఇంటికొచ్చి, సాయంత్రం టీ వేళకు ఒకటి చక్రాల్లా కోసి గణపతిరావు ముందు పెట్టింది. "ఇది కోసి మూడు నెలలైనాది మావయ్యా. సల్లగ దాసినారు కాబట్టి ఇంకా కరకరలాడతాది. ఒక్క ముక్క తిని సూడండి."

గణపతిరావు టీలో రస్కు నానబెట్టుకుంటున్నాడు. ముక్కను తీసుకుని, వెలుతురుకు పట్టి, వేళ్ళ మధ్య రెండుసార్లు తిప్పి, మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాడు. "సంతలో కొన్న కాయ నాకెందుకమ్మా. గిరికి పెట్టు."

"మన కాయా ఇలగే ఉండేదని సూపిద్దామని..."

"నాను సూసీసినాను కదా మన కాయ."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. చెప్పింది వినకపోతే పోయె, చూపించింది నోట్లో పెట్టుకోవడానికి కూడా అంత పట్టుదలా! పళ్ళెం తీసుకెళ్ళి వంటింట్లో నిలబడి, ఆ ముక్కలన్నీ తనే కసిగా నమిలి తినేసింది.

*

బుధవారం పదకొండింటికి పప్పు పొయ్యి మీద పెట్టి, గిన్నె పట్టుకుని నాలుగో చెట్టు దగ్గరకు వెళ్ళింది. పప్పులో వేయమన్నాడు కదా, వేద్దాం. రేపీ వేళకు చెట్టే ఉండదు.

కాయను పట్టుకుని కొంచెం పైకెత్తగానే చేతిలోకొచ్చేసింది. ఆమె ఒక్క క్షణం ఆగింది. పచ్చికాయ ఇలా రాదు, కొమ్మను గట్టిగా పట్టుకుని ఉంటుంది. ఇంకొకటి ఎత్తి చూసింది, అదీ వచ్చేసింది. గబగబా ఎనిమిది కోసుకుని వంటింట్లోకొచ్చి కత్తిపీట ముందు కూర్చుంది. మొదటి కాయ రెండు చెక్కలు కాగానే చప్పుడుతో పాటు చిన్న చుక్క నీరు ఎగిరి ఆమె బుగ్గ మీద పడింది. లోపల గింజలు నల్లగా నిగనిగలాడుతున్నాయి.

ముక్క నోట్లో పెట్టుకుంది. ముందు తీపి, వెనకాల సన్నగా పులుపు, ఆ తర్వాత ఎక్కడో పూల వాసన. అలమారా తలుపు మీదున్న ఏ స్టిక్కరు కిందా ఈ రుచి రాసిలేదు. ఎర్రబడుతుందని నెల రోజులుగా ఎండ తగిలేలా ఆకులు తప్పించుకుంటూ కాపలా కాసింది తనూ. ఇది ఎర్రబడే రకమే కాదు! ముసలాయన్ని అనుకోవడమెందుకు, తను మాత్రం ఏం చూసింది?

పరిగెత్తుకెళ్ళి చెబుదామని లేచి, గుమ్మం దగ్గర ఆగిపోయింది. ఏం చెబుతుంది? కరకరలాడే కాయ పచ్చికాయ అంటాడు. ముక్క ఇస్తే తిప్పి చూసి పళ్ళెంలో పెడతాడు. ఆమె వెనక్కొచ్చి కూర్చుంది. పచ్చికాయని పప్పులో వేయమని పెద్దాయన చెప్పాడు, పెద్దాయన మాట జవదాటకూడదు. ఏడు కాయలూ, మిగిలిన ముక్కలూ శుభ్రంగా చెక్కు తీసి పప్పులో వేసేసింది. చింతపండు వేయలేదు. పచ్చిమిర్చీ పసుపూ ఉప్పూ వేసి, వెల్లుల్లీ ఎండుమిర్చీ ఇంగువతో ఇల్లంతా గుమాయించేలా పోపు పెట్టింది.

తండ్రీ కొడుకూ పీటల మీద కూర్చున్నారు. గణపతిరావు పప్పన్నం కలిపి ఒక ముద్ద మింగి, చెయ్యి ఆపేశాడు.

"పప్పులో బెల్లమేసినావేటి?"

"లేదు మావయ్యా."

"తియ్యగున్నాది."

"అవును, తియ్యగున్నాదే" అన్నాడు గిరిబాబు. అని, మోటారేమీ గుర్తు రాక, ఇంకో గరిటె వేయించుకున్నాడు.

"మీరు ఎయ్యమన్న పచ్చికాయే ఏసినాను. ఆ నాలుగో సెట్టుది. గింజలు నల్లబడిపోయున్నాయి లోపల."

ముసలాయన పప్పులోంచి ఒక ముక్క ఏరి విడిగా నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. మామిడి బేరాల్లో ఎలా మూసుకుంటాడో అలాగే. చాలాసేపు తెరవలేదు. తర్వాత అన్నమంతా తిని, చెయ్యి కడుక్కుని, "ఉడకబెట్టంది ఒకటి ఇలా తే" అన్నాడు.

చెట్టు మీంచి అప్పటికప్పుడు కోసి తెచ్చిచ్చింది. ఆయన దాన్ని తీసుకుని వెనక వసారాలోకి పోయి గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. పద్మకుమారి గిన్నెలు తోముతూ కిటికీలోంచి చూస్తోంది. ఆయన భుజాలు ముందుకు వంగాయి. తల ఒకసారి పక్కకు తిరిగింది. చెయ్యి గబుక్కున దవడ మీదకు పోయింది, చాలాసేపు అక్కడే ఉండిపోయింది. తర్వాత కాయను గూట్లో పెట్టి, తువ్వాలుతో నోరు తుడుచుకుని, బయటికెళ్ళిపోయాడు.

ఆమె తడి చేతులతోనే వెళ్ళి గూట్లో కాయ తీసి చూసింది. పసుపు తొక్క మీద రెండే రెండు గీతలు. తెగను కూడా తెగలేదు. ఒక గీతలో కాస్త నెత్తుటి ఎరుపు.

ఆమె అక్కడే కూర్చుండిపోయింది. టీలో నానిన రస్కు, మెత్తగా ఉడికిన అన్నం, నిన్న తిప్పి చూసి వెనక్కిచ్చిన ముక్క. మూడేళ్ళుగా ఈ ఇంట్లో మాంసం కూర ఉన్న రోజు ఆయనకు కడుపు బాగుండదు. మెత్తబడితేనే పండని ఎందుకంటాడో ఇప్పుడు తెలిసింది. మెత్తబడితేనే ఆయన తినగలడు మరి. పాపం అనిపించింది. ఆ వెంటనే కోపమూ వచ్చింది. ఈ ముక్క నోటితో చెబితే ఏం పోయింది? తినలేనని చెప్పలేక, తినకూడని కాయని తీర్పు చెప్పేసి, బతికున్న చెట్లను కొట్టించేస్తాడా?

గిరిబాబుతో చెప్పేద్దామనుకుంది. చెబితే రేపటికి పళ్ళ డాక్టరు, ఎల్లుండికి ఊరంతా. నోట్లో నాలుగు పళ్ళు లేనివాణ్ణి మామిడితోటకి ఎవడు పిలుస్తాడని నవ్వేవాళ్ళు నవ్వుతారు. ఆయనకు ఉన్నదల్లా ఆ పిలుపే. చెప్పబుద్ధి కాలేదు.

సాయంత్రం రేషన్ కార్డు కవరులోంచి నర్సరీ చీటీ వెతికి తీసింది. నాలుగూ ఒకటే రకమని అమ్మినవాడు నోటితో చెప్పాడు గాని, చీటీ మీద వేరేగా ఉంది: 'అన్నా' రకం మూడు, 'డార్సెట్ గోల్డెన్' ఒకటి. ఫోనులో ఆ పేర్లు కొట్టి, దీపాల వేళ దాకా వంటింటి గడప మీద కూర్చుని చదివింది. గణపతిరావు రెండుసార్లు ఆమె పక్కనుంచి అటూ ఇటూ వెళ్ళాడు. పోతురాజుని రావద్దనీ అనలేదు, రమ్మనీ అనలేదు.

*

లక్ష్మివారం ఏడింటికల్లా పోతురాజు గొడ్డలీ గునపంతో దిగాడు. ఊళ్ళో ఏ చెట్టు పడగొట్టాలన్నా అతనే.

"ఎటునుంచి మొదలెట్టీమంటారు బావూ?"

అరుగు మీద కూర్చున్న గణపతిరావు చెట్ల వైపు చూశాడు. "టీ తాగరా ముందు" అన్నాడు చివరికి.

పద్మకుమారి టీ తేలేదు. కొబ్బరికోరూ, పెద్ద పళ్ళెమూ, ఒళ్ళో పది పసుపు కాయలూ పెట్టుకుని అరుగు మీదే అందరికీ కనిపించేలా చతికిలబడింది. కాయను రెండు చెక్కలు చేసి కోరు పళ్ళకు ఆనించి తిప్పడం మొదలెట్టింది. కొబ్బరి రాలినట్టే తెల్లటి తురుము రాలింది, నీరు కారింది, వాసన పోతురాజు దాకా వెళ్ళింది. గొడ్డలి గోడకు ఆనించి దగ్గరికొచ్చాడు.

"అదేటి, సక్రాలు కోసీయొచ్చు కదా?" అన్నాడు గిరిబాబు.

మొగుణ్ణి ఒక్క చూపు చూసింది. అతనికి ఎందుకో అర్థం కాలేదు గాని, చూపు మాత్రం అర్థమైంది. నోరు మూసుకుని కూర్చున్నాడు.

"ఈ రకం ఇలగే తింటారు" అంది గట్టిగా. చిటికెడు ఉప్పు చల్లి నాలుగు గిన్నెల్లోకి సర్దింది. ముందు పోతురాజుకిచ్చింది, తర్వాత మొగుడికి, ఒకటి తన పక్కన పెట్టుకుంది. చివరి గిన్నెలో చెంచా వేసి మామగారి చేతికి అందించింది. ఆయన ముఖంలోకి చూడలేదు.

పోతురాజు గిన్నె ఎత్తి నోట్లో పోసుకుని "ఓర్నాయనో!" అన్నాడు. గిరిబాబు రెండో ముద్దకే గిన్నె అడుగు వేలితో గీకుతున్నాడు. గణపతిరావు చెంచాడు నోట్లో పెట్టుకున్నాడు. మింగలేదు, నాలుక మీదే ఉంచుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి తడిగా ఉన్నాయి. ఉప్పు ఎక్కువైందన్నట్టు తువ్వాలుతో తుడిచేసుకుని, గిన్నె ఖాళీ చేసి, ఆమె ముందుకు జరిపాడు. ఆమె ఇంకో కాయ తీసి కోరింది.

"యాపిలంటే ఎర్రగ కదా బావూ ఉంటాది?" అన్నాడు పోతురాజు. "ఇదేటి రకం?"

నలభై ఏళ్ళుగా ఆ ప్రశ్న అడిగినవాళ్ళకు గణపతిరావు దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. ఇప్పుడూ నోరు తెరిచాడు. కోరు పక్కనున్న కాయ ఒకటి తీసుకుని, అలవాటుకొద్దీ ముచ్చిక ముక్కు దగ్గర పెట్టుకుని, మెల్లిగా దించాడు.

"నాకు తెల్దురా" అన్నాడు. "మా కోడల్నడుగు."

కోరు మీద పద్మకుమారి చెయ్యి ఆగిపోయింది. పెళ్ళై పదహారేళ్ళలో ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు. గెలిచానని సంతోషించాలో, ఆ మాట అనిపించినందుకు బాధపడాలో తెలియలేదు. పోతురాజు వైపు తిరిగి చెప్పింది. పేరు డార్సెట్ గోల్డెన్. సముద్రం మధ్యన బహామాస్ అని దీవులుంటే, అక్కడ మంచు అన్నదే లేనిచోట ఒక పెరట్లో మొలిచిందట. అందుకే మన ఎండకి తట్టుకున్నాది. పసుపే దీని పండు రంగు. ఆ ఎర్ర కాయలు కాసే మూడూ అన్నా రకం, అవి ఇజ్రాయెల్ ఎడారి దేశంలో పుట్టించినవి. పక్కన ఈ పసుపుది పూస్తేనే వాటికి కాపు. ఇది లేకపోతే అవి ఉత్త ఆకులే.

చెబుతూ ఉంటే పోతురాజు ఊకొడుతున్నాడు. గణపతిరావు ఊకొట్టలేదు. చెంచా గిన్నెలో పెట్టేసి, చెవి ఇటు ఒగ్గి, బళ్ళో పిల్లవాడిలా వింటున్నాడు. ఆమె చెప్పడం ఆపాక కూడా ఇంకా ఏదో ఉందేమోనని కాసేపు చూశాడు.

"అయితే మరి" అన్నాడు, "వచ్చే ఏడు ఎప్పుడు కొయ్యాలమ్మా?"

పద్మకుమారి కోరు పక్కకు జరిపింది. కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"నాను సెప్తాను మావయ్యా" అంది.

"సెప్పు మరి" అన్నాడాయన, ఖాళీ గిన్నె మళ్ళీ ముందుకు జరుపుతూ.